హుక్కు మాత్రం కదలలేదు

మా బావ చెడ్డవాడు కాదని అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తాగడు, అరవడు, ఎవరి మీదా చెయ్యెత్తడు, తిన్న కంచం తనే కడుక్కుంటాడు. ముందు ఆ కంచం సంగతి తేల్చేస్తాను. లేకపోతే నా కడుపుమంట చల్లారదు.

ఆయన మా అక్క మొగుడు. ఆయన పనిచేసే క్రేన్ల ఫ్యాక్టరీలోనే, ప్రథమ చికిత్స గదిలో నేను నర్సుని. కాబట్టి ఆయన్ని ఇంట్లోనూ చూశాను, పనిలోనూ చూశాను. ఆయనకి కోపం వస్తే మాటలు మానేస్తాడు. అంతే, ఇంకేమీ చెయ్యడు. మంచినీళ్ళు తనే ముంచుకుంటాడు, బట్టలు తనే మడతపెట్టుకుంటాడు, కంచం తనే కడుక్కుని బోర్లిస్తాడు. మా అక్క ఎదురుగా వచ్చి నిలబడితే, ఆమె వెనకున్న గోడని చూస్తాడు. ఎదురింటావిడ వంటింటి కిటికీలోంచి ఇదంతా చూసి, "మీ ఆయన బంగారమండీ! మా ఆయనైతే చెంచా కూడా తియ్యరు" అని మురిసిపోయేది. అక్క నవ్వి ఊరుకునేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

పైగా ఆయన ఎవరి మీద కోపమొస్తే వాళ్ళతో మాటలు మానడు. మా పిల్ల, అంటే అక్క ఒక్కగానొక్క కూతురు, చిన్నప్పుడు ఆయన గడ్డం గీసుకునే అద్దం పగలగొట్టింది. పిల్లతో మామూలుగానే మాట్లాడాడు. అక్కతో మానేశాడు. పిల్ల పోయి కాళ్ళు చుట్టేసుకుని, "నన్ను కొట్టండి నాన్నా, అమ్మతో మాట్లాడండి" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆ ఏడుపు తీరిగ్గా చూశాడు. బాగా ఏడవనిచ్చి, అప్పుడు అక్కని పిలిచి టైమెంతయిందని అడిగాడు. అలా పెరిగింది మా పిల్ల.

ఎక్కడ తోస్తే ఏది కదులుతుందో ఆయనకి కొట్టిన పిండి. ఆయన ఉద్యోగమే అది.

మా ఫ్యాక్టరీలో తయారయ్యే క్రేన్లు పైకప్పు కింద పట్టాల మీద నడిచే రకం. పైన ట్రాలీ, దానికి తాళ్ళు, తాళ్ళకి హుక్కు, హుక్కుకి బరువు. ట్రాలీ కదిలి ఆగిందంటే కింద బరువు ఊగుతుంది. మనిషంత, గదంత ఇనుము ఊగితే ఏమవుతుందో నా గదిలోకి వచ్చినవాళ్ళని చూస్తే తెలుస్తుంది. ఆ ఊపు చంపడమే మా బావ పని. దానికి ఆయన దగ్గరున్న ఆయుధం ఐగెన్ విలువలు. ఆ మాట నేను పెళ్ళిచూపుల నాడే విన్నాను. అక్కని ఒక్క ప్రశ్న అడక్కుండా, మా నాన్నకి ఐగెన్ విలువల గురించి పాఠం చెప్పి లేచిపోయాడు మహానుభావుడు. మా నాన్న పెద్ద చదువున్న అల్లుడు దొరికాడని పొంగిపోయాడు.

ఆ పాఠం అన్నేళ్ళు వినీ వినీ నాకూ వంటబట్టింది. దేన్నయినా తోసి వదిలేస్తే, అది ఎలా ఊగాలో దానికి సొంత తీరులుంటాయి. ఉయ్యాల ఊగి ఊగి ఆగుతుంది. స్ప్రింగు తలుపు ఊగకుండా వచ్చి మూసుకుంటుంది. యంత్రం మొత్తాన్ని, దేని కదలిక దేన్ని కదుపుతుందో అంకెలుగా రాసి, అడ్డంగా నిలువుగా పేర్చితే అది మాత్రిక. ఆ మాత్రికని లెక్కగడితే కొన్ని సంఖ్యలు బయటపడతాయి. ఒక్కో సంఖ్య ఒక్కో తీరుకి జాతకం. అవే ఐగెన్ విలువలు. కాగితం మధ్య ఒక నిలువు గీత గీసి వాటిని చుక్కలుగా పెడతారు. చుక్క గీతకి ఎడమ పక్క పడితే ఆ ఊపు తనంతట తనే చస్తుంది. గీత మీద పడితే చావదు, పెరగదు, ఊగుతూనే ఉంటుంది. కుడి పక్క పడిందా, ఇక ప్రతి ఊపూ ముందు ఊపుకన్నా పెద్దది. అప్పుడు మోటారుకి ఎప్పుడు, ఎటు, ఎంత తొయ్యాలో నేర్పి, ఆ చుక్కల్ని ఎడమకి లాక్కురావాలి. కంట్రోలు అంటే అదే.

"ఎడమకి లాగండి, ఇంకా ఎడమకి" అని ఆయన రోజంతా అనేవాడు. షెడ్డులో అందరూ ఆయన్ని ఎడమ మాస్టారు అని పిలిచేవాళ్ళు. పైన క్యాబిన్లో కూర్చునే క్రేన్ డ్రైవరు పెద్ద కొంటె మనిషి. "మాస్టారు పోయాక పాడె కూడా రోడ్డుకి ఎడమ పక్కనే పోవాలి, లేకపోతే లేచి కూర్చుంటారు" అనేవాడు.

పనిలో మాత్రం ఆయన దిట్ట. కాదంటే నా నోరు కుళ్ళిపోతుంది. మా షెడ్డులో ఒక పద్ధతుంది. కంపెనీ పెట్టిన పెద్దాయన నాటినుంచీ నడుస్తోంది. షెడ్డు చివర స్తంభం ముందు, నేల మీద తెల్లరంగుతో ఒక గడి గీసి ఉంటుంది. కొత్త క్రేన్ మొదటిసారి బరువెత్తే రోజు, లెక్క కట్టినవాళ్ళు ఆ గడిలో నిలబడాలి. ఇనప దిమ్మ అవతలి చివరనుంచి వచ్చి, ఆ మనిషి ముందు ఊగకుండా ఆగాలి. డ్రైవరు చెయ్యి పెట్టకూడదు, క్రేన్ తనంతట తనే నడవాలి. ఆపే ఎర్ర బటన్, షెడ్డు పక్కగా మెట్లెక్కితే వచ్చే అద్దాల గదిలో ఉంటుంది. గడిలో మనిషి చెయ్యెత్తితే ఆపాలి, గడి దాటి అడుగేస్తే పరీక్ష పోయినట్టు. నేను స్ట్రెచర్ పట్టుకుని ఆ మెట్ల దగ్గర నిలబడాలి. ఎన్ని క్రేన్లో! ప్రతిసారీ మా బావ ఆ గడిలో చేతులు కట్టుకుని నిలబడేవాడు. దిమ్మ వచ్చి ఆయన చొక్కా బొత్తాం ముందు మంత్రం వేసినట్టు ఆగిపోయేది. ఆయన రెప్ప కూడా వేసేవాడు కాదు. ఆ ఒక్క క్షణం ఆయన మా బావ అని నేను కూడా గర్వపడేదాన్ని.

మా పిల్ల కూడా అదే చదువు చదివి, అదే షెడ్డుకి వచ్చింది. తండ్రి కిందే పని. షెడ్డువాళ్ళు చిన్న మాస్టారని పేరు పెట్టేశారు. తండ్రి మెప్పుకోసం ప్రాణం పెట్టేది. ఆయన ఒక్కసారి తలూపితే చాలు, నా గదికి వచ్చి ఆ తలూపిన వైనం పూసగుచ్చినట్టు చెప్పేది.

అప్పుడొచ్చింది ఆ కొత్త ఆర్డరు. లోతు గుంటల్లోకి బరువులు దించే క్రేన్. మామూలుగా హుక్కు కిందే బరువు అతుక్కున్నట్టు ఉంటుంది, రెండూ కలిసే ఊగుతాయి. దీనికి హుక్కు కింద మళ్ళీ పొడుగాటి తాళ్ళు, వాటి చివర బరువు. ఊపు కొలిచే పరికరాన్ని మాత్రం బావ ఎప్పట్లాగే హుక్కుకే పెట్టించాడు. హుక్కు కదలకుండా ఉండేలా చుక్కలన్నిటినీ ఎడమకి లాగి పారేశాడు.

ఒకరోజు భోజనాల దగ్గర పిల్ల లేచి, చెంచాకి దారం కట్టి, ఆ దారం చివర తాళంచెవుల గుత్తి కట్టింది. చెంచాని ఇంకో దారంతో పట్టుకుని వేలాడదీసింది.

"చూడు పిన్నీ, చెంచా హుక్కు, తాళాలు బరువు. చెంచా కదలకూడదని నేను పట్టుబడితే ఏం చేస్తున్నానో చూడు."

చెంచా నిలిచే ఉంది. దాన్ని నిలపడానికి ఆమె చెయ్యి ఇటూ అటూ జరుగుతూనే ఉంది. చెయ్యి జరిగినప్పుడల్లా కింద తాళాలు అంతకంతకూ ఊగుతున్నాయి.

"మోటారు చెప్పగానే కదలదు, కాస్త వెనకబడుతుంది. అందుకని ఆ ఊపు చావకపోగా పెరుగుతుంది. నాన్నా, మీరు లెక్కలోంచి కొట్టేసిన చుక్కల జంట ఇదే. అది గీతకి కుడి పక్కనుంది."

బావ కంచంలోంచి తలెత్తలేదు. "లెక్కలో పైనా కిందా ఒకేలాంటివి ఉంటే కొట్టేస్తాం. బడిపిల్లలు కూడా కొట్టేస్తారు."

"చచ్చే ఊపైతే కొట్టేసినా ఫర్వాలేదు నాన్నా. ఇది పెరిగేది. కాగితం మీద కొట్టేస్తే షెడ్డులో పోదు. హుక్కు ఊపు చూపించే గీతలో కనపడదు, అంతే."

"తాళాలు తీసి తలుపు దగ్గర తగిలించు."

నేను ఊరుకోలేకపోయాను. "ఒకసారి చూడొచ్చుగా బావా? పిల్ల చెప్తోందంటే..."

"నువ్వు నీ దూదీ అయోడినూ చూసుకో మరదలా" అన్నాడు, నవ్వుతూనే.

పిల్ల అక్కడితో ఆగి ఉంటే బాగుండేదేమో. ఆగలేదు. మేనేజరు ముందు, ఇంజనీర్లందరి ముందు, బోర్డు మీద గీసి మరీ చెప్పింది. బావ చిరునవ్వుతో విని, "చిన్నపిల్ల కదండీ" అన్నాడు. మేనేజరు ఇంకా ఘనుడు. "తండ్రీ కూతుళ్ళు ఇంట్లో తేల్చుకుని రండి" అని చేతులు దులుపుకున్నాడు.

బావ ఇంటికొచ్చి తేల్చాడు. ఆ సాయంత్రంనుంచి మా అక్కతో మాటలు మానేశాడు.

వానలు మొదలయ్యాయి, వానలు వెలిశాయి, ఆయన నోరు విప్పలేదు. పిల్లతో మాత్రం ఎప్పుడూ లేనంత ప్రేమగా మాట్లాడేవాడు. "తిన్నావా అమ్మాయ్, గొడుగు తీసుకున్నావా అమ్మాయ్" అని ఒకటే ముద్దు. పక్కనే అక్క నిలబడి ఉండేది. మొదట్లో అక్క అడిగింది, తర్వాత బతిమాలింది, తర్వాత ఏడ్చింది. ఆ తర్వాత కుట్టుమిషన్‌తో మాట్లాడటం మొదలుపెట్టింది. ఒకరోజు నేను వెళ్తే, నా మణికట్టు పట్టుకుని, "నా గొంతు నీకు వినబడుతోందా?" అని అడిగింది.

"అదేం మాటే అక్కా!"

"కాదే, నిజంగా చెప్పు. బయటికి వస్తోందా?"

ఆ గుమ్మంలో పిల్ల నిలబడి ఇది వింది.

మర్నాడు పొద్దున ఆయన బూట్లు తొడుక్కుంటూ అన్నాడట, "ఈసారి గడిలో నువ్వు నిలబడకూడదూ అమ్మాయ్? లెక్కలో తప్పులు పట్టేంత దానివయ్యావుగా. నలుగురి ముందూ తండ్రిని అన్న మాట, నలుగురి ముందే సరిపోతుంది."

"నిలబడితే అమ్మతో మాట్లాడతారా?"

"అమ్మతో నాకేం గొడవ?" అన్నాడట. అక్క ఆ గదిలోనే ఉంది.

ఈ మాటలు చెప్పడానికి పిల్ల నా గదికి వచ్చింది. నేను నిప్పులు చెరిగాను. "నీకేమైనా మతి పోయిందా? అది ఊగుతుందని చెప్పింది నువ్వే. దాని ముందు నిలబడేదీ నువ్వేనా?"

"ఊపు చిన్నగా మొదలవుతుంది పిన్నీ. సగం దారిలోనే అందరికీ కనిపిస్తుంది. నేను చెయ్యెత్తుతాను, నాన్న ఆపుతారు. దిమ్మ నడి షెడ్డులో ఊగి ఊగి ఊరుకుంటుంది. నా మాట నిజమని తేలుతుంది, నేను గడి దాటలేదు కాబట్టి నాన్న మాట దక్కుతుంది. అమ్మకి..." అని ఆగిపోయింది.

"ఆపకపోతే?"

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నాన్న కదా పిన్నీ" అంది.

పరీక్ష రోజు షెడ్డంతా జనం. మేనేజరు కుర్చీ వేయించుకుని మరీ కూర్చున్నాడు. పిల్ల జుట్టు బిగించి కట్టుకుని, తండ్రిలాగే చేతులు కట్టుకుని గడిలో నిలబడింది. వెనక స్తంభం. బావ అద్దాల గదిలో తెర ముందు కూర్చున్నాడు. తెర మీద ఒక పచ్చ గీత. హుక్కు ఎంత ఊగితే గీత అంత ఊగుతుంది. ఆయన కుడి అరచెయ్యి ఎర్ర బటన్ మీద ఉంది. నేను మెట్ల దగ్గరున్నాను, తలుపు తీసే ఉంది.

క్రేన్ కదిలింది. హుక్కు నిజంగానే కొట్టిన మేకులా, ఊగకుండా ముందుకి సాగుతోంది. దాని కింద దిమ్మ మొదట కాస్త జంకినట్టు కదిలింది. మళ్ళీ కదిలింది. పైన ట్రాలీ హుక్కుని నిలపడానికి ముందుకీ వెనక్కీ తడబడుతోంది. ఆ తడబాటుకి దిమ్మ బారు పెంచుకుంటోంది. సగం దారి వచ్చేసరికి షెడ్డులో ఉన్న ప్రతి ఒక్కరికీ కనిపించింది. పిల్ల చెయ్యెత్తింది.

బటన్ పడలేదు.

డ్రైవరు హారన్ మోగించాడు, ఆపకుండా మోగించాడు. నేను అరిచాను, "బావా, ఆపండి! తల తిప్పి చూడండి!"

ఆయన తల తిప్పలేదు. హారన్ వినబడింది, నా అరుపు వినబడింది, చెయ్యి బటన్ మీదే ఉంది. తెరకేసి చూస్తూ తాపీగా అన్నాడు, "హుక్కు కదలడం లేదు. ఎందుకు ఆపాలి?"

నేను స్ట్రెచర్ పారేసి మెట్లెక్కాను. అద్దంలోంచి పిల్ల కనబడుతోంది. చెయ్యి అలాగే ఎత్తి పట్టుకుని, దిమ్మని కాదు, తండ్రి వీపుని చూస్తోంది. ఒక్క అడుగు పక్కకి వేస్తే చాలు. "వెయ్యవే, వెయ్యవే తల్లీ" అని డ్రైవరు పైనుంచి ఏడుపు గొంతుతో కేకలు వేస్తున్నాడు. ఆమె వెయ్యలేదు. నేను ఆయన చెయ్యి మీద నా చెయ్యి వేసి బలమంతా పెట్టి నొక్కాను. బటన్ పడింది. ట్రాలీ ఆగింది. దిమ్మ ఆగలేదు. ఆఖరి క్షణంలో పిల్ల పక్కకి దూకింది, శరీరమంతా దూకింది, కుడి కాలొక్కటే వెనకబడింది. ఆ కాలిని దిమ్మ స్తంభానికి వేసి నలిపింది.

అప్పుడు కూడా తెర మీద పచ్చ గీత తిన్నగానే ఉంది. అది నా కళ్ళతో చూశాను.

మోకాలి పైదాకా తీసేశారు.

విచారణ అన్నారు, కమిటీ అన్నారు. గడిలో మనిషిని నిలబెట్టే పద్ధతి ముందునుంచీ ఉన్నదే, ఆమె ఇష్టపడే నిలబడింది, సాక్ష్యానికి నేనే ఉన్నానని రాసుకున్నారు. చెయ్యెత్తినా ఎందుకు ఆపలేదంటే ఆయన పచ్చ గీత చూపించాడు, అదీ రాసుకున్నారు. బావ మీద ఈగ వాలలేదు. ఊపు కొలిచే పరికరాన్ని హుక్కు మీదనుంచి తీసి కింద బరువుకి పెట్టారు. కొత్త లెక్క కట్టారు. బోర్డు మీద పిల్ల గీసిన లెక్కే అది, ఒక్క అంకె తేడా లేదు. మళ్ళీ పరీక్ష పెట్టారు. ఈసారి బావే గడిలో నిలబడ్డాడు. స్తంభాన్ని కడిగి రంగేశారు. దిమ్మ వచ్చి, చొక్కా బొత్తాం ముందు, మంత్రం వేసినట్టు ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరు వెళ్ళి కౌగిలించుకున్నాడు. నేను స్ట్రెచర్ పట్టుకుని నిలబడి, ఒక్క ఊపు ఎక్కువ ఊగితే ఎంత బాగుండు అనుకున్నాను. అనుకున్నానని ఎవరి ముందైనా చెప్తాను, నాకేం భయం లేదు.

ఆ మధ్యాహ్నం ఆయన ఆసుపత్రికి వచ్చాడు. పిల్ల దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. కాలు ఉండాల్సిన చోట దుప్పటి చదునుగా పడి ఉంది. ఆయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఆమె ఒళ్ళో పరిచాడు. ప్రమాదం రోజు గీత. ఒక్క వంకర లేదు.

"చూశావుగా. హుక్కు చివరిదాకా కదలలేదు. లెక్క తప్పు కాదు. కొలిచే చోటు తప్పు."

"ఆ చోటు ఎవరు చెప్పారు బావా?" అన్నాను.

ఆయన నావైపు చూశాడు. నా వెనకున్న గోడని చూశాడు. కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకుని, పిల్ల తల నిమిరి, "తిన్నావా అమ్మాయ్?" అని అడిగి వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి నాతోనూ మాటలు లేవు. దానికి మాత్రం నేను సంతోషించాను.

కాసేపటికి అక్క క్యారేజీ పట్టుకుని వచ్చింది. స్టూలు మీద కూర్చుని గిన్నెలు విడదీస్తుంటే, పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. కాలు పోయిననాటినుంచీ ఒక్క కన్నీటి చుక్క రాల్చని పిల్ల, గొంతు తగ్గించి, దొంగతనంగా అడిగినట్టు అడిగింది.

"అమ్మా, నాన్న నీతో మాట్లాడారా?"

అక్క ముఖం విప్పారింది. ఎన్నాళ్ళకో ఆ ముఖంలో వెలుగు చూశాను. "మాట్లాడారే తల్లీ! నిన్న రాత్రి అన్నం దగ్గర మాట్లాడారు."

"ఏమన్నారు?"

"ఉప్పు తక్కువైందన్నారు" అంది అక్క, గిన్నె మూత తీస్తూ.